పెరుగమ్మ కోడలు పరుగమ్మ

ఇలా రా, దగ్గరికి జరుగు. ఆ కిటికీ తలుపు వేసి, దుప్పటి కాళ్ల మీదికి లాక్కుని కూర్చో. చలి గురించిన కథ చలిలో వణుకుతూ వినకూడదు, వింటే సగం కథ పళ్ల టకటకలోనే పోతుంది. ఇంకో మాట. మధ్యలో ‘తర్వాత ఏమైంది, తర్వాత ఏమైంది’ అని నన్ను తరమకు. ఇది తొందరపడకుండా గెలిచిన మనిషి కథ. తొందరపడి చెబితే ఆవిడకి అవమానం.

ఒక వీధి చివర పెరుగు దుకాణం ఉండేది. కింద దుకాణం, దాని వెనక పాలు కాచే గది, మేడ మీద ఇల్లు. ఆ దుకాణం నడిపే ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది కానీ, వాడక అది తుప్పు పట్టిపోయింది. వీధి వీధంతా ఆవిణ్ణి పెరుగమ్మ అనే పిలిచేది. ఆవిడ చేతి పెరుగు గిన్నె బోర్లించినా జారేది కాదు. పాలు తోడు పెట్టే వేడికి వచ్చాయో లేదో చూడ్డానికి ఆవిడ దగ్గరున్న యంత్రం కుడిచేతి చిటికెన వేలు ఒక్కటే. వేలు ముంచి, కళ్లు మూసుకుని, ‘ఇంకా లేదు’ అనేది. ఇంకోసారి ముంచి ‘ఊఁ’ అనేది. ఆ ‘ఊఁ’ వినపడ్డాకే ఆ ఇంట్లో ఏ పనైనా ముందుకి కదిలేది.

ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు. పెద్దోడు తెల్లారకముందే వ్యాను వేసుకుని ఊరి బయట నుంచి పాలు తెచ్చేవాడు. చిన్నోడు డబ్బాలు కడిగి, నింపి, మూతలు బిగించి దుకాణాలకి చేరవేసేవాడు. పెద్దకోడలు పెద్ద పెద్ద గిన్నెలు పొయ్యి మీదికి ఎత్తి, పాలు కాచి, దించేది. చిన్నకోడలు చంకలో పిల్లనేసుకుని కౌంటరు చూసుకుంటూ, మధ్యమధ్యలో అత్తగారికి సాయంగా తోడు కలిపేది.

పెద్దకోడలికి పరుగు పిచ్చి ఎలా పట్టిందంటావా? అదీ పెరుగు వల్లనే. ఒకరోజు ఊరికి ఆ చివరనున్న ఇంటికి పంపాల్సిన డబ్బా వ్యాను ఎక్కించడం మరిచిపోయారు. వాళ్లింట్లో చుట్టాలు భోజనాలకి కూర్చోబోతున్నారు. పెద్దకోడలు చీర కుచ్చెళ్లు ఎగ్గట్టి, డబ్బా గుండెకి హత్తుకుని, వీధిలో పడి పరిగెత్తింది. తిరిగి వచ్చినప్పుడు ఆవిడ మొహం చూడాలి. పాల ఆవిరిలో నిలబడి నిలబడి ఎప్పుడూ ఉడికినట్టుండే మొహం, ఆ రోజు కడిగిన గాజులా మెరుస్తోంది. ‘అంత దూరం ఎలా పోయావే?’ అంటే, ‘తెలీలేదత్తయ్యా. కాళ్లు వాటంతటవే పోయాయి’ అంది. మూత తీసి చూసుకున్న ఆ ఇంటివాళ్లు ఫోను చేసి, పెరుగు ఇంత కూడా చెదరలేదని చెప్పారు.

ఆ మర్నాటి నుంచి పాల వ్యాను వచ్చేలోపు ఉన్న కాస్త సమయంలో ఆవిడ పరిగెత్తడం మొదలుపెట్టింది. దుకాణానికి ఎదురుగా తాళాలు బాగుచేసే ఆయన ఒకడున్నాడు, నోటికి మాత్రం తాళం లేదు. ఆయనే మొదట అన్నాడు, ‘అత్త పెరుగమ్మ, కోడలు పరుగమ్మ’ అని. వీధికి ఆ పేరు తెగ నచ్చింది. చిన్న పిల్లల దగ్గర్నుంచీ అదే పేరు.

సరే, ఇక్కడిదాకా అంతా నవ్వులే. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.

చలికాలం పోయే వేళకి ఆ ఊళ్లో పెద్ద పరుగొకటి జరిగేది. చెరువు చుట్టూ, దాని వెనక కొండ చుట్టూ కలిపి యాభై కిలోమీటర్లు. ఒకేరోజు, ఒకే మనిషి, తన రెండు కాళ్ల మీద. దానికోసం ఒక ఏడాది చలికాలంలో పెద్దకోడలు సిద్ధపడింది. సిద్ధపడటమంటే ఏమనుకుంది? ఎక్కువ పరిగెత్తడమనుకుంది. ఈ వారం ఇరవై కిలోమీటర్లు పరిగెత్తితే, బాగానే ఉంది కదా అని వచ్చే వారం ముప్ఫై, ఆ పై వారం యాభై. ఒకనాడు పొద్దున మోకాలి కింద ఎముక సన్నగా చిట్లింది. పాల గిన్నె ఎత్తబోయి, అలాగే గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది.

నెలల తరబడి మంచం. గిన్నెలు ఎత్తే పనంతా చంటిపిల్ల తల్లి మీద పడింది. పెరుగమ్మ ఆ వయసులో నేల తుడిచింది. అదంతా ఒక ఎత్తు. డాక్టరమ్మ చెప్పిన మాట ఇంకో ఎత్తు. ‘మళ్లీ అదే చోట విరిగితే, కుంటు జన్మంతా ఉండిపోవచ్చు’ అంది. పెరుగమ్మ ఆ మాట విని ఇంటికొచ్చి, ఎవరికీ కనపడకుండా పాలగదిలో కూర్చుని ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, కోప్పడింది. ఆవిడ పద్ధతి అంతే, భయం వేస్తే కోప్పడేది.

మళ్లీ చలికాలం వచ్చింది. పెద్దకోడలు కాలు బాగైంది. ఒకరోజు గిన్నెలన్నీ కడిగి బోర్లించాక, అత్తగారి ముందు నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటూ అంది.

‘అత్తయ్యా, ఈసారి నెమ్మదిగా పెంచుకుంటాను. ఒక్కసారి ఒప్పుకోండి.’

‘ఏమిటి ఒప్పుకునేది? ఆ కాలు మళ్లీ చిట్లితే?’

‘చిట్లదు. డ్రిల్లు మాస్టారు చూసుకుంటానన్నారు.’

డ్రిల్లు మాస్టారంటే, బళ్లో ఆటలు నేర్పి రిటైరైన పెద్దమనిషి. చెరువు గట్టు మీద పరిగెత్తేవాళ్లందరికీ ఆయనే గురువు.

పెరుగమ్మ మేడమెట్ల చివరనున్న గడప వైపు వేలు చూపించింది.

‘సరే పో. కానీ విను. ఎప్పుడైనా సరే, ఒక్కసారంటే ఒక్కసారి నువ్వు కుంటుకుంటూ ఆ గడప దాటావో, ఆ బూట్లు పొయ్యిలోకి పోతాయి. ఇక ఈ జన్మలో పరుగు మాట ఎత్తకూడదు. మాటేనా?’

‘మాటే’ అంది పెద్దకోడలు. అనేసి గడప వంక ఒకసారి చూసింది. రోజూ దాటే గడపే. ఆ రోజు నుంచి అది ఆవిడకి కోర్టు మెట్టైంది.

మర్నాడు పెద్దకోడలు పాలు కాస్తుంటే డ్రిల్లు మాస్టారు ఫోను చేశాడు. చేతులు ఖాళీ లేక ఆవిడ ఫోను అలమర మీద పెట్టి, స్పీకరు నొక్కింది. పక్కనే పెద్ద పొయ్యి బుస్సుమని మండుతోంది. పెరుగమ్మ చిటికెన వేలు పాలల్లో ముంచి కళ్లు మూసుకుని ఉంది, చెవులు మాత్రం తెరిచే ఉన్నాయి.

‘అమ్మాయ్, పోయినేడాది తప్పు మళ్లీ చెయ్యకు. వారం వారం పెరుగు...’ అక్కడ పొయ్యి బుస్సుమంది. ‘...పదో వంతు మించకూడదు. అసలే చలికాలం. మించిందా, కాలు పట్టేస్తుంది. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పి ఉంచు, కాస్త కనిపెట్టుకుని ఉండమను.’

ఆ మాస్టారు అన్న మాట ‘పెరుగుదల’. వారం వారం దూరం పెరిగే పెరుగుదల, ముందు వారంలో పదో వంతు మించకూడదు అని. చివరి రెండక్షరాలు పొయ్యి మింగేసింది. పెరుగమ్మ చెవికి చేరింది పెరుగు మాత్రమే.

పెరుగమ్మకి మొదట ఒళ్లు మండింది. తన పెరుగు వల్ల కాళ్లు పట్టేస్తాయా? తరతరాలుగా ఊరంతా తినడం లేదూ? మళ్లీ తనే సర్దుకుంది. పెద్దమనిషి, ఊరికే అంటాడా. పైగా చలికాలం. పైగా ఆ కాలు ఒకసారి చిట్లిన కాలు. కనిపెట్టుకుని ఉండమన్నాడు కదా, ఉంటే సరి. ఆవిడ లెక్క ఇలా వేసుకుంది: మొదలు ఇంత గరిటెతో పెట్టాలి, ప్రతి వారం దాంట్లో పదో వంతు మాత్రమే పెంచాలి.

ఆ రోజు భోజనాల దగ్గర అందరికీ గడ్డ పెరుగు గిన్నెలు గిన్నెలుగా వడ్డించి, పెద్దకోడలి దగ్గరికి వచ్చేసరికి చిన్న గరిటెతో ఒక గరిటె పెట్టి, గిన్నె పక్కకి జరిపేసింది.

పెద్దకోడలు కంచం వంక చూసుకుంది. పోయినేడాది మంచాన పడి ఇంటిల్లిపాదినీ కష్టపెట్టాను కదా, అత్తయ్యకి ఇంకా కోపం పోలేదనుకుంది. నోరెత్తకుండా తినేసింది. పెద్దోడు తల్లి చూడకుండా తన గిన్నెలోంచి ఇంత పెళ్లాం కంచంలో వెయ్యబోతే, పెరుగమ్మ గరిటె కాడతో వాడి మణికట్టు మీద టంగుమని కొట్టింది.

‘అమ్మా! నా వాటాలోదే కదే!’

‘నీ వాటా నువ్వు తిను. దాని సంగతి నేను చూసుకుంటున్నాను.’

ఇంటినిండా పెరుగు, పెద్దకోడలి కంచంలో గరిటెడు. ఇరుగుపొరుగుకి తెలియకుండా ఉంటుందా? తాళాలాయన దుకాణంలోకి తొంగి చూసి, ‘ఏం పెరుగమ్మా, పెరుగు కొట్టు కోడలికి పెరుగు కరువటగా? పాపం మా పరుగమ్మ పక్క దుకాణంలో కొనుక్కోవాలేమో!’ అన్నాడు. ‘నీ పని తాళాలు, నోరు కాదు. వేసుకో’ అంది పెరుగమ్మ.

పెద్దకోడలు మాత్రం మాస్టారు చెప్పినట్టే మొదలుపెట్టింది. మొదటి వారం ఇరవై కిలోమీటర్లు. రెండో వారం ఇరవై రెండు. కాళ్లు ‘ఇంకా పోదాం, ఇంకా పోదాం’ అని లాగుతాయి, ఆవిడ కళ్లెం పట్టుకున్నట్టు వెనక్కి లాక్కునేది. పరిగెత్తడం కష్టం కాదు, అమ్మా. పరిగెత్తగలిగి కూడా ఆగడం కష్టం. ఆ చలిలో లేవడమే ఒక యుద్ధం. పైకప్పుల మీద మంచు తెల్లగా పేరుకుని ఉండేది. ఆవిడ రెండు చొక్కాలు, ఉన్ని టోపీ, చేతులకి తొడుగులు, తలకి కట్టుకునే చిన్న లైటు అన్నీ తగిలించుకుని మెట్లు దిగేది. నోట్లోంచి పొగ వచ్చేది. వీధి మలుపు తిరిగేదాకా పెరుగమ్మ మేడ కిటికీలోంచి ఆ లైటు చూస్తూ నిలబడేది. చూస్తున్నట్టు మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. తిరిగి వచ్చేటప్పుడు గడప దగ్గర చెవి ఒగ్గి వినేది. రెండు కాళ్ల చప్పుడూ ఒక్కలా ఉందా, ఒకటి బరువుగా పడుతోందా అని.

ఒక్కలానే ఉండేది. వారం తర్వాత వారం. ఒక్కలానే.

అలా ఇరవై ముప్ఫై దాటింది. పెరుగమ్మ గరిటె కూడా ఎదిగింది. చిన్న గరిటెడు కాస్తా గరిటెన్నర, ఆ తర్వాత రెండు గరిటెలకి కొంచెం తక్కువ. ఆవిడ చెయ్యి అబద్ధమాడదు, సరిగ్గా పదో వంతే. ఆ పెంచే చేతికి ఒక చిత్రం తెలిసొచ్చింది. ఏ వారానికావారం చూస్తే ఏమీ పెరిగినట్టు ఉండదు, కంచంలో తేడా కంటికి ఆనదు. మొదటి వారంతో పోల్చి చూస్తే మాత్రం గుండె ఝల్లుమంటుంది.

చలికాలం సగం గడిచాక ఒకరోజు డ్రిల్లు మాస్టారు పెరుగు కొనుక్కోవడానికి దుకాణానికి వచ్చాడు. తలకి మఫ్లరు, చేతిలో సంచి. పెరుగమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, గొప్పగా అంది.

‘మాస్టారూ, మీరు చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాను. ఒక్క వారం కూడా పదో వంతు మించనివ్వలేదు.’

‘చాలా సంతోషం తల్లీ! మీలాంటి అత్తగారుంటే నాకు పనేముంది? ఎలా ఉంది మరి, కాలేమైనా పట్టేస్తోందా?’

‘అబ్బే, లేదు. మొదట చిన్న గరిటె.’

‘గరిటె?’

‘అవును. ఇప్పుడు రెండుకి కాస్త తక్కువ. మొన్న మా పెద్దోడు దొంగతనంగా వెయ్యబోయాడు, ఒక్కటిచ్చాను.’

మాస్టారు మఫ్లరు తీసి చెవి సవరించుకున్నాడు. ‘ఏది వెయ్యబోయాడమ్మా?’

‘పెరుగు. మీరే కదా అన్నారు, వారం వారం పెరుగు పదో వంతు మించకూడదు, మించితే కాలు పట్టేస్తుందని!’

కౌంటరు దగ్గర చిన్నకోడలు చంకలో పిల్లతో సహా కింద కూర్చుండిపోయింది నవ్వలేక. మాస్టారు ఒక్క క్షణం అలా నోరు తెరిచి చూసి, తర్వాత కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ‘పెరుగుదల తల్లీ, పెరుగుదల! పరిగెత్తే దూరం పెరుగుదల! పెరుగు ఎంతైనా పెట్టు!’

పాలగదిలోంచి పెద్దకోడలు పరిగెత్తుకొచ్చింది. ‘అయితే అత్తయ్యా, మీకు నా మీద కోపం కాదా?’

‘కోపమెందుకే? నీ కాలు కోసం నా నోరు కట్టేసుకుని, నీ కంచం కట్టేశాను!’ అంది పెరుగమ్మ. సిగ్గు ఒక పక్క, నవ్వు ఒక పక్క. ఆ రాత్రి భోజనాల్లో పెద్ద గిన్నె నిండా గడ్డ పెరుగు తెచ్చి కోడలి ముందు పెట్టింది. పెద్దకోడలు గిన్నె వెనక్కి జరిపింది.

‘వద్దత్తయ్యా. ఎలా పెంచుతున్నారో అలాగే పెంచండి. మీ గరిటె చూస్తేనే నాకు ఈ వారం ఎంత పరిగెత్తాలో గుర్తుంటోంది. పరుగు రోజు నాటికి ఆ గిన్నె నిండాలి.’

చూశావా! అదీ ఆ మనిషి. అంతవరకూ పెరుగమ్మ కోడలి కాళ్లనే చూసింది. ఆ రోజు మొదటిసారి ఆవిడ మనసెంత గట్టిదో చూసింది.

అయితే అన్నీ సాఫీగా పోతే కథ ఎందుకౌతుంది?

చలికాలం ముదిరాక ఒక వారం వాన కురిసి, కురిసినట్టే గడ్డకట్టింది. వీధంతా అద్దం పరిచినట్టైంది. తాళాలాయన తన దుకాణం ముందే జారి పడి, ‘నా నడుముకి తాళం పడిందర్రా’ అని మూలిగాడు. వ్యాన్లు ఆగిపోయాయి. ఆ వారమంతా పెద్దకోడలు గడప దాటలేదు. మేడమెట్లు ఎక్కుతూ దిగుతూ, కిటికీలోంచి బయటికి చూస్తూ, పంజరంలో చిలకలా తిరిగింది. అప్పటికి వారానికి నలభై దాటింది ఆవిడ లెక్క. ఆ వారం సున్నా.

మంచు కరిగింది. మర్నాడు పొద్దున పెద్దకోడలు ఎప్పటిలాగే పరిగెత్తి వచ్చింది. చప్పుడు ఒక్కలానే ఉంది. పెరుగమ్మ ‘ఊఁ’ అనుకుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పెద్దకోడలు మళ్లీ బూట్లు వేసుకుంటూ కనిపించింది.

‘ఎక్కడికే?’

‘మూల ఇంటివాళ్లకి డబ్బాలు ఇచ్చొస్తానత్తయ్యా.’

పెరుగమ్మ అలమర వంక చూసింది. మూల ఇంటి డబ్బాలు అలమరలోనే ఉన్నాయి, వరసగా. డబ్బాలు లేకుండా డబ్బాలివ్వడానికి పోయే కోడలు! అర్థమైపోయింది. పోయిన వారం పోయిన దూరాన్ని ఈ వారమే దొరకబుచ్చుకుందామని చూస్తోంది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. పోయినేడాది చేసింది కూడా సరిగ్గా ఇదే.

అరిస్తే ఆగదని పెరుగమ్మకి తెలుసు. దాచుకుని పరిగెడుతుంది. గడప మాట గుర్తుచేస్తే ఇంకా తొందరపడుతుంది. ఏం చెయ్యాలో తోచక పాలగది వైపు చూసింది. అక్కడ గోడవారగా పొద్దున చిన్నకోడలు పాడు చేసిన గిన్నె ఉంది.

‘ఒక్క నిమిషం ఇలా రా’ అంది. బూటు లేసు ఒకటి కట్టి, ఒకటి వదిలేసి వచ్చింది పెద్దకోడలు. పెరుగమ్మ ఆ గిన్నె మూత తీసింది. లోపల పెరుగూ కాదు, పాలూ కాదు. పచ్చటి నీళ్లలో పిప్పి పిప్పిగా తేలుతోంది.

‘ఏమైంది వీటికి?’ అంది పెద్దకోడలు.

చిన్నకోడలు గుమ్మంలోంచే మొత్తుకుంది. ‘నేనేం చెయ్యనత్తయ్యా! చలికి నిన్న పాలు తోడుకోలేదు. పొద్దున్నే దుకాణాలవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. సరే త్వరగా తోడుకుంటాయి కదా అని రెండింతలు తోడు వేసి పొయ్యి మీద పెట్టాను.’

‘నిన్న తోడుకోనిదాన్ని ఇవాళే తోడుకోమంది మీ చెల్లెలు’ అంది పెరుగమ్మ పెద్దకోడలితో. ‘అందుకని ఈ పాలకి ఏమైంది, చెప్పు?’

‘విరిగాయి’ అంది పెద్దకోడలు.

‘పోయినేడాది నీ కాలికి ఏమైంది?’

పెద్దకోడలు గిన్నె వంకే చూస్తూ నిలబడింది. అదే మాట. పాలకి ఒకటి, ఎముకకి ఒకటి అని వేరే మాటలు లేవు మనకి. రెంటికీ ఒకటే మాట.

‘పోయిన వారం పోయింది. దాన్ని వెతుక్కుంటూ పోకు. చలికి తోడుకోనప్పుడు వేడి పెంచకూడదే, కంబళి కప్పి ఊరుకోవాలి’ అంది పెరుగమ్మ. ‘ఈ వారం గరిటె ఎంతో తెలుసా? మంచు ముందు వారం ఎంతో, అంతకన్నా ఒక్క వేలు తక్కువ. అక్కణ్ణుంచి మొదలుపెడదాం.’

పెద్దకోడలు కట్టిన లేసు విప్పేసింది. బూట్లు విడిచి గోడకి ఆనించింది. పెరుగమ్మ కడుపులో పాలు పోసినట్టైంది. పరిగెత్తి గెలిచినవాళ్లని చాలామంది మెచ్చుకుంటారు. బూట్లు వేసుకుని విప్పేసినవాళ్లని ఎవరు మెచ్చుకుంటారు? పెరుగమ్మ మెచ్చుకుంది. పడుకోబోయే ముందు ఆ బూట్లు మేడ మీదికి తీసుకుపోయి, పొయ్యి పక్కన కాదు గానీ దాని వెచ్చదనం తగిలేంత దూరంలో ఆరబెట్టింది.

మర్నాడు చిన్నకోడల్ని పిలిచింది.

‘నీ సైకిలు బయటికి తియ్యి. పొద్దున్న మీ అక్క వెంట వెళ్లు.’

‘నేనా? ఈ చలిలోనా? పిల్లో?’

‘పిల్లని దాని నాన్న ఎత్తుకుంటాడు. తోడు నేను పెడతాను. చలికాలం పాలకే కాస్త ఎక్కువ తోడు కావాలి, మనిషికి అక్కర్లేదా?’

అలా తోడికోడళ్లిద్దరూ చీకటితో బయల్దేరేవారు, ఒకరు కాళ్ల మీద, ఒకరు చక్రాల మీద. కబుర్లు చెప్పుకోగలిగేంత నెమ్మదిగానే పరిగెత్తాలని మాస్టారి నియమం. కబుర్లకి వాళ్లకేం కొదవ? ఒకరోజు తిరిగొచ్చి మెట్లెక్కుతూ ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. పెరుగమ్మ ఎదురొచ్చింది.

‘ఏమిటంత నవ్వు? నా గురించేనా?’

‘మీ గురించి మాట్లాడుకోగలిగామంటే వేగం సరిపోయినట్టే అత్తయ్యా’ అంది చిన్నకోడలు.

‘అయితే రేపు ఇంకా ఎక్కువ మాట్లాడుకోండి’ అంది పెరుగమ్మ. ‘కొండ ఎక్కేటప్పుడు నా నోటి గురించి, దిగేటప్పుడు నా గరిటె గురించి.’

అలా చలికాలం వెనక్కి తగ్గింది. నలభై యాభై అయ్యింది, యాభై దాటింది. ఆ చిన్న గరిటె మూలకి పోయి, పెద్ద గరిటె వచ్చింది. ఏ రోజూ గడప దగ్గర కాళ్ల చప్పుడు మారలేదు. పరుగుకి ముందు రోజు పెరుగమ్మ గిన్నె నింపింది. అంచుదాకా. పెద్దకోడలు మొత్తం తిని, వేలితో గిన్నె తుడిచింది.

పరుగు రోజు పెరుగమ్మ కొండ దిగేచోట, చివరి మలుపు దగ్గర ఎత్తు పీట వేసుకుని కూర్చుంది. ముందు మగవాళ్లు, కుర్రవాళ్లు, గాలిలా పోయినవాళ్లు పోయారు. వాళ్లలో కొందరు కొండ ఎక్కేటప్పుడే కాళ్లు పట్టేసి, రోడ్డు వారన పిక్కలు పిసుక్కుంటూ కూర్చున్నారని ఎవరో అన్నారు. పెరుగమ్మ ఒంటి నిండా చెవులు చేసుకుని మలుపు వైపే చూసింది. చాలాసేపటికి చప్పుడు వినిపించింది. చూడక్కర్లేదు, చప్పుడు చాలు. మేడ మీద కూర్చుని ఆ చలికాలమంతా విన్న చప్పుడే అది. రెండూ ఒక్కలా, టప్ టప్, టప్ టప్. మలుపు తిరిగింది పెద్దకోడలు. చెంపల మీద చెమట ఉప్పై తెల్లగా మెరుస్తోంది. అత్తగారిని చూసి చెయ్యి ఊపలేదు, నవ్వింది, అంతే. ఆ నవ్వు డబ్బా ఇచ్చొచ్చిన నాటి నవ్వు. ఆగకుండా పోయింది.

ముందొచ్చిన వాళ్లలో లేదు, వెనకొచ్చిన వాళ్లలోనూ లేదు. మధ్యలో, ఎవరూ పట్టించుకోని చోట, ఆ గీత దాటింది. పెరుగమ్మ పీట ఎత్తుకుని పరిగెత్తింది. పరిగెత్తింది అంటే నమ్ము, ఆ వయసులో!

ఆగాక అసలు చిక్కు వచ్చింది. ఎముక నిక్షేపంగా ఉంది. డాక్టరమ్మ కాలంతా నొక్కి చూసి మరీ చెప్పింది. కానీ బూటు విప్పితే మడమ తోలు ఊడి, ఎర్రగా మాంసం కనిపించింది. పరుగంతా ఆవిడ ఆ మడమ మీదే పరిగెత్తింది, పడే కాలి చప్పుడు మాత్రం మారనివ్వలేదు. ఆగిన తర్వాత ఇక ఆ కాలు నేల మీద ఆనట్లేదు.

వ్యాను ఇంటి ముందు ఆగింది. పెద్దోడి భుజం పట్టుకుని, పెద్దకోడలు ఒక కాలి మీద గెంతుతూ, ఒక కాలు ఈడుస్తూ మెట్లెక్కింది. మెట్ల చివర గడప. అందరికీ ఒకేసారి ఆ మాట గుర్తొచ్చింది. పెద్దోడు ఆగిపోయాడు. చిన్నకోడలు పిల్లని గట్టిగా పట్టుకుంది. మెట్ల కింద తాళాలాయన కూడా నోరు మూసుకున్నాడు, ఆ వీధిలో మొట్టమొదటిసారి. పెద్దకోడలు గడప వంక చూసింది, తర్వాత చేతిలోని బూట్ల వంక.

‘మాట మాటే అత్తయ్యా’ అంది. కన్నీళ్లు జారుతున్నాయి కానీ గొంతు స్థిరంగా ఉంది. ‘పరుగైపోయింది కదా. తీసుకోండి.’ బూట్లు ముందుకి చాపింది.

పెరుగమ్మ బూట్లు అందుకోలేదు. అడ్డంగా వచ్చి గడప మీద నిలబడింది.

‘ఆగు. కాలు ముందుకి పెట్టకు. కుంటుకుంటూ గడప దాటితేనే కదా బూట్లు పొయ్యిలో పడేది? ఎవరు దాటమన్నారు నిన్ను?’ ఆవిడ అందరి వంకా చూసి కేకేసింది. ‘ఒరే పెద్దోడా, చిన్నోడా! పాల గిన్నెలు ఎత్తరా రోజూ? చేతులు కలపండి. నీకూ చెబుతున్నానే చిన్నదానా, పిల్లని నాకిచ్చి ఇటు పట్టు. తాళాలాయనా, నీ నడుం బాగైతే ఆ తలుపు పూర్తిగా తెరిచి పట్టుకో!’

అన్నదమ్ములిద్దరూ చేతులు పెనవేసి కుర్చీ చేశారు. చిన్నకోడలు ఆ దెబ్బ తగిలిన కాలు తన రెండు చేతుల్లో పట్టుకుంది, నేల తగలకుండా. పెద్దకోడలు నవ్వుతూ, ఏడుస్తూ, బూట్లు ఒళ్లో పెట్టుకుని, గాల్లో తేలుతూ గడప దాటింది. ఆ గడపకి ఆవిడ కాలి చప్పుడే తెలియలేదు.

లోపల పీట మీద కూర్చోబెట్టాక, పెరుగమ్మ పక్కనే కూర్చుంది. చిటికెన వేలు తీసి మెల్లిగా ఆ మడమ పక్కన ఆనించింది. పాల వేడి చూసినట్టు, కళ్లు మూసుకుని చూసింది.

‘ఇంకా లేదు’ అంది. ‘ఇది మానేదాకా మంచం దిగకూడదు. ఆ తర్వాత మళ్లీ మొదలు పెడదాం. చిన్న గరిటెతో.’

అంతేనమ్మా. ఇంకేం లేదు. లేచి కాళ్లు చాపుకో, తిమ్మిరెక్కి ఉంటాయి. ఇది నీ దగ్గర ఉంచుకో, ఎవరికైనా పరుగెత్తి పరుగెత్తి ఆయాసమొచ్చిన రోజున తీసి చెప్పు. మిగతావి మరిచిపోయినా ఫరవాలేదు కానీ, ఆ సాయంత్రం ఆవిడ బూట్లు విప్పిన సంగతి మాత్రం వదలకు. చెప్పేటప్పుడు అక్కడ కాస్త నెమ్మదించు.